ముందు బ్రేకు

మోటారుసైకిలు నేర్పేవాళ్ళు మనవైపు మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేకు జోలికెళ్ళకురోయ్, బోర్లా పడతావ్!" మా మావయ్య నాకూ అదే చెప్పాడు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. ఆ పాతబళ్ళకి ఇసకమీద ముందు చక్రం బిగుసుకుపోయిందంటే మోకాలిచిప్పలు దక్కడం కష్టం. అంచేత మనకి బ్రేకంటే కుడికాలే. కుడిచెయ్యి ఉన్నది ఎక్సిలేటరు తిప్పడానికి!

కాని లెక్క వేరేలా ఉంది. బ్రేకు వెయ్యగానే బరువు ముందుకి తూగుతుంది. వెనక చక్రం తేలికపడి, గట్టిగా తొక్కితే జారుతుందేగాని బండిని ఆపలేదు. ఆపే సత్తా ఎక్కువగా ముందు చక్రానిదే. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఉలిక్కిపడి బ్రేకు అందుకోవడానికి ఒక్క సెకను పట్టినా ఆ 17 మీటర్లూ పోయినట్టే. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లు. (ఫిజిక్సు క్లాసులో తలకెక్కని ఈ సూత్రం, రోడ్డుమీద గేదె అడ్డమొస్తే చప్పున ఎక్కుతుంది.)

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సి.సి. దాటిన కొత్త బళ్ళకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం దగ్గర ఓ సెన్సరు ఉంటుంది. చక్రం బిగుసుకోబోతోందని పసిగట్టగానే బ్రేకు పట్టు సడలించి, మళ్ళీ బిగించి, సెకనులో ఎన్నోసార్లు అదే పని చేస్తుంది. మావయ్య భయానికి ఇంతకన్నా విరుగుడేముంది? వచ్చిన చిక్కల్లా, బండి మారిందిగాని మన చెయ్యి మారలేదు. చాలా బళ్ళకి ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది. ముందు బ్రేకే పట్టనివాడికి అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హైవే మీద లారీల మధ్య రోజూ కాలేజీకొచ్చేది ఇలాంటి వాళ్ళమే!

నేనూ మా రూమ్మేటూ ఓ ఆదివారం పొద్దున్నే ఖాళీరోడ్డు మీద సాధన మొదలెట్టాం. ముందు 20లో, తరవాత 30, 40. లివరుని ఒక్కసారి గుంజకూడదు. నిమ్మచెక్క పిండినట్టు పట్టు అందుకుని, వెంటనే బిగించుకుపోవాలి. కాలి బ్రేకూ తోడుండాలి. చూపు దూరంగా, బండి నిటారుగా. ఒకచోట లివరు టకటకమంటూ వేళ్ళని తన్నింది. "ఒరేయ్, ఏదో విరిగిందిరా!" అంటూ మావాడు వదిలేశాడు. సరిగ్గా అక్కడే వదలకూడదు. ఆ తన్నే తన్ను ఏబీఎస్ పని చేస్తోందనడానికి గుర్తు. వదిలి వదిలి పట్టే పాత విద్య ఇక్కడ అక్కర్లేదు, ఆ పని యంత్రం చూసుకుంటోంది. బండి ఆగేదాకా బిగించి ఉంచడమే మన వంతు. నాలుగు వారాలకి మావాడి వేళ్ళకి ఆ ధైర్యం వచ్చింది.

ఏబీఎస్ ఉంది కదా అని కంకరమీద బండి టక్కున ఆగదు. మలుపులో ఒరిగి ఉన్నప్పుడు గట్టిగా పట్టినా మామూలు ఏబీఎస్ కాపాడుతుందని నమ్మకం లేదు. అన్నట్టు, కోతల రోజుల్లో తారురోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారే, అది మరీ ప్రమాదం. సెలవలకి ఊరెళ్ళేటప్పుడు ఆ గింజలు దూరాన కనబడగానే వేగం బాగా తగ్గించేసి, వాటిమీదకి వెళ్ళేసరికి బ్రేకు వదిలి తిన్నగా దాటిపోతున్నాను.