వెగాస్‌లో మా బావ కార్డు

చాండ్లర్‌లో పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నానికి లాస్ వెగాస్‌లో ఉంటాం. ఐదు గంటల డ్రైవ్. వికెన్‌బర్గ్ దాటాక చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎడారి, కరెంటు స్తంభాలు, కింగ్‌మన్‌లో కాఫీ. కొలరాడో నది మీద వంతెన వచ్చాక పక్కన హూవర్ డ్యామ్ అని గుర్తు చేసుకుంటాం. వంతెనకు గోడలుంటాయి కాబట్టి కారులోంచి డ్యామ్ కనిపించదు. ప్రతిసారీ తల తిప్పి చూస్తాం, ప్రతిసారీ కనిపించదు.

2024 డిసెంబర్ ఆఖరి శనివారం నేను, మా బావ ఇదే దారిలో వెళ్లాం. అక్కకు చెప్పింది షో చూడ్డానికని. అసలు పని వేరే. బావ కార్డు రంగు మారిపోబోతోంది.

కార్డంటే క్రెడిట్ కార్డు కాదండీ, క్యాసినో క్లబ్ కార్డు. స్లాట్ మెషిన్‌లో పెట్టి ఆడితే మీరు ఎంత ఆడారో అది లెక్క రాసుకుంటుంది. క్రెడిట్లు పెరిగేకొద్దీ మెట్టు పెరుగుతుంది. ఏడాదికోసారి మళ్లీ సున్నా నుంచి మొదలు. బావది ఏ కంపెనీ కార్డో చెప్పను, అక్క చదువుతుంది.

ఆ కార్డుకు మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. 2023లో అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చినప్పుడు బావ వాళ్లను స్ట్రిప్ మీద పెద్ద సూట్‌లో దింపాడు. రెండు రాత్రులు, పైసా ఇవ్వలేదు. చెకిన్ దగ్గర పెద్ద లైన్ ఉంటే మమ్మల్ని పక్కనున్న వేరే కౌంటర్‌కు పిలిచారు. "అల్లుడికి ఇక్కడ కూడా పలుకుబడి ఉందే" అని అమ్మ ఖమ్మంలో వీధి వీధంతా చెప్పింది. ఆ మాట బావకు బాగా ఎక్కింది.

కింగ్‌మన్‌లో కాఫీ తాగుతూ అడిగాను. "బావా, ఇంకా ఎంత తక్కువ?"

"పది వేలు తిప్పితే చాలురా."

తిప్పడం అంటే పోగొట్టుకోవడం కాదు. వంద డాలర్లే అటూ ఇటూ గెలుస్తూ, ఓడుతూ వెయ్యి డాలర్ల పందేలు అవ్వొచ్చు. మొత్తం పందేల విలువను అక్కడ కాయిన్ ఇన్ అంటారు. లెక్క అర్థం కావడానికి అందరికీ తెలిసిన సీజర్స్ రివార్డ్స్ తీసుకుందాం. స్లాట్‌లో 5 డాలర్లు తిప్పితే ఒక క్రెడిట్. డైమండ్ మెట్టుకు 15,000 క్రెడిట్లు. బోనస్‌లు పక్కన పెడితే 75,000 డాలర్లు తిప్పాలి. మెషిన్ నూటికి ఎనిమిది ఉంచుకుంటుందనుకోండి, 6,000 డాలర్లు గోవిందా. అంటే మన ఐదు లక్షలు. బదులుగా వచ్చే రివార్డ్ క్రెడిట్లు ఒక్కోటి ఒక సెంటు, మొత్తం 150 డాలర్లు. మిగతాదంతా మర్యాదే. లైన్ తప్పించడం, గది, పార్కింగ్.

ఆ పార్కింగ్ కథ కూడా చెప్పాలి. ఒకప్పుడు స్ట్రిప్ మీద పార్కింగ్ ఎవరికైనా ఉచితమే. 2016లో ఎం.జి.ఎం. డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఇప్పుడు ఎం.జి.ఎం. రివార్డ్స్‌లో పెర్ల్ అవ్వాలి, అంటే 20,000 క్రెడిట్లు, అప్పుడు కారు ఉచితంగా పెట్టుకోవచ్చు. గమనించారా? అందరికీ ఉన్నదాన్ని తీసేసి, కొందరికి బహుమతిగా తిరిగిచ్చారు. బార్‌లో వీడియో పోకర్ ఆడితే ఊరికే ఇచ్చే డ్రింక్‌కి కూడా చాలా చోట్ల మెషిన్ వెనక చిన్న లైటు పెట్టారు. తగినంత ఆడితేనే వెలుగుతుంది, అప్పుడే బార్‌టెండర్ పోస్తాడు.

పేర్లూ నిలవవు. ఎం లైఫ్ 2022లో ఎం.జి.ఎం. రివార్డ్స్ అయింది. హయత్ హోటళ్లతో దానికున్న పొత్తు 2023లో పోయి, మరుసటి ఏడాది మారియట్ వచ్చింది. మిరాజ్ అయితే 2024 జులై 17న మూతే పడింది. ఎప్పటికప్పుడు కొత్త రూల్స్ చదువుకోవాలి. బావ వాటిని మా ఆఫీసులో డాక్యుమెంటేషన్ కంటే శ్రద్ధగా చదువుతాడు.

నాకు ఇది కొత్తేమీ కాదు. నేను పనిచేసేది ఒక షాపింగ్ యాప్‌లో, పాయింట్ల టీమ్‌లో. "ఇంకో 200 పాయింట్లే" అని మీ ఫోన్‌కి వచ్చే నోటిఫికేషన్ నా లాంటి వాడు రాసిందే. ఈ విద్యకు పెద్ద గురువు గ్యారీ లవ్‌మన్. హార్వర్డ్ ప్రొఫెసర్, 1998లో హారాస్ క్యాసినోలకు వచ్చాడు. డేటా తవ్వితే తేలిందేమిటంటే, వాళ్లకు డబ్బు తెచ్చేది లిమోజిన్‌లో దిగే షేక్‌లు కాదు. ఉద్యోగం అయ్యాక వచ్చి స్లాట్ దగ్గర కూర్చునే మామూలు మనుషులు. ఆడేవాళ్లలో 26 శాతం మంది 82 శాతం ఆదాయం తెస్తున్నారని 2003లో ఆయనే రాశాడు.

బావ ఆ ఇరవై ఆరులో ఒకడు. ఈ మాట కారులో అనలేకపోయాను.

మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాడు. కార్డు చివర స్ప్రింగు తాడు, ఆ తాడు చొక్కాకు. దూరం నుంచి చూస్తే మెషిన్‌కి సెలైన్ ఎక్కిస్తున్నట్టుంది, ఎవరు ఎవరికి ఎక్కిస్తున్నారో తెలియదు. నేను పక్కన ఇరవై డాలర్లు పోగొట్టుకుని, ఫోన్‌లో రీల్స్ చూస్తూ కూర్చున్నా. రాత్రి తొమ్మిదికి ఎనిమిది వందలు పోయాయి, సగానికి పైగా క్రెడిట్లు వచ్చాయి. ఇంకో మూడు గంటలు చాలు అన్నాడు బావ. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడే అక్క వీడియో కాల్ చేసింది. వెనక మెషిన్ల మోత. "షో ఎలా ఉంది?" అంది. ఇద్దరం ఒకేసారి "బాగుంది" అన్నాం. అక్క ఇంకేం అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఫోన్ పెట్టేశాక బావ కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. "పద, ఫౌంటెన్ చూద్దాం" అన్నాడు. బెలాజియో ముందు చలికి వణుకుతూ మూడు పాటలు నిలబడ్డాం. 1998 నుంచి ఆ నీళ్లు అలా ఎగురుతూనే ఉన్నాయి, చూడ్డానికి ఏ కార్డూ అక్కర్లేదు.

జనవరి ఆఖరికి యాప్‌లో మెట్టు తగ్గింది. ఫిబ్రవరిలో టాక్స్ ఫైలింగ్‌కి నేనే కూర్చున్నా. ఆ ఏడాది బావకు 1,600 డాలర్ల జాక్‌పాట్ ఒకటి తగిలింది. 2025 దాకా స్లాట్‌లో 1,200 తగిలితే చాలు, క్యాసినో పన్ను ఫారం ఇచ్చేది కదా, అది చూపించాలి. దానితోపాటు ఏడాది మొత్తం గెలుపోటముల స్టేట్‌మెంట్ కూడా కార్డు ఖాతాలోంచే దిగుతుంది. కార్డు అన్నీ రాసుకుంటుంది అన్నాను కదా. జాక్‌పాట్ కలుపుకుని కూడా కింద మైనస్ 6,840.

జాయింట్ ఫైలింగ్. అక్క సంతకం కూడా కావాలి. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "అమ్మావాళ్లు ఉన్న గది ఫ్రీ అన్నావుగా?" అంది. బావ లేచి వెళ్లి టీ పెట్టాడు. ముగ్గురికీ పెట్టాడు, చక్కెర మర్చిపోయాడు. ఎవరం ఏమీ అనకుండా తాగేశాం.

మార్చిలో బావ నాకు ఒక మెయిల్ ఫార్వర్డ్ చేశాడు. రెండు రాత్రులు ఉచితం, రిసార్ట్ ఫీజు అదనం, మీ కోసం ఎదురుచూస్తున్నాం అని. పైన ఒక్క ముక్క కూడా రాయలేదు. కింద అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ ఎక్కడుందో వెతికి, దానికి ఎర్ర గీత గీసి స్క్రీన్‌షాట్ తిరిగి పంపాను. నీలి టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.