వాన పక్కన ప్రశ్నార్థకాలు

తెర మీద తేదీలున్నాయి. మిల్లీమీటర్లున్నాయి. వాటి పక్కన నాయన రాసుకున్న మాటలుండాల్సిన చోట మాత్రం ప్రశ్నార్థకాలు... బారులు బారులుగా! నాలుగు రాత్రులు కూర్చుని కొట్టిందంతా అదే. వెనక కుర్చీలో ఉన్న నాయన కళ్లద్దాలు సరిచేసుకుని, ‘వాన వస్తాదా రాదా అని అది మనల్నే అడుగుతాండాదేమిరా?’ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అది 2009 వేసవి. నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. నాయన బడిపంతులు. కళ్యాణదుర్గం వైపు మాకు కాస్త మెట్ట ఉండేది. వాన పడిన రోజల్లా ఓ పొడుగాటి నోటు పుస్తకంలో ఎక్కించడం ఆయన అలవాటు. ఎడమవైపు తేదీ, కార్తె. నడుమ మండలాఫీసులో కనుక్కున్న మిల్లీమీటర్లు. కుడివైపు తన మాట. ‘విత్తడానికి పదును చాలదు’ అనో, ‘ఊడలు దిగే వేళకు తడిసింది, బతికాం’ అనో ఒక్క ముక్క.

మా జిల్లా తెలిసినవాళ్లకు ఆ కుడివైపు గడి విలువ చెప్పక్కర్లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యం వానలు కోస్తాను తడిపి, ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. అయితే వేరుశనగ రైతుకు ఆ మొత్తంతో పనేముంది? ఊడలు దిగేటప్పుడు మొహం చాటేసి, చెట్టు పీకే వేళకు కుండపోతగా కురిస్తే కాగితం మీద సగటు నిండుతుంది, గాదె నిండదు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పుస్తకాల అంచులు చెదలు తింటున్నాయని కంప్యూటర్‌లో ఎక్కిద్దామన్నది నేనే. ఇంటర్నెట్‌లో ఉచితంగా చోటిచ్చే కంపెనీల గురించి చెబితే నాయన ఒకే ప్రశ్న వేశాడు: ‘వాడు మూసేస్తే?’ ఆ ఏప్రిల్‌లోనే యాహూ ‘జియోసిటీస్’ను మూసేస్తామని ప్రకటించింది. అన్నట్టే అక్టోబరులో మూసేసింది. లక్షల మంది కట్టుకున్న పేజీలు ఆ గూటి నుంచి పోయాయి. దాంతో మన మిషన్‌లోనే మనం పెట్టుకుందామనుకున్నాం. నాయన రాసినదాని కింద అమ్మ, అక్క, వచ్చినప్పుడు చిన్నాన్న కూడా తమకు గుర్తున్న మాట రాయాలన్నది నా ఆశ.

చెప్పినంత తేలిక కాదు. మాది విండోస్ ఎక్స్‌పీ. అందులో తెలుగు సరిగ్గా కనిపించాలంటే ముందు కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి భాషల దగ్గర ఓ గడిలో టిక్కు పెట్టాలి. వెంటనే అది విండోస్ సీడీ అడుగుతుంది. ఆ సీడీ దొరకడానికి రెండు రోజులు! తర్వాత ‘ఎగ్జాంప్’. అపాచీ సర్వరు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, పీహెచ్‌పీ... మూడూ అప్పట్లో ఒకే మూటలో వచ్చేవి. ఓ కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో దొరికింది. వేశాను. అపాచీ లేవదు! బావతో మాట్లాడటానికి పెట్టుకున్న స్కైప్ అప్పటికే 80వ నంబరు పోర్టును పట్టుకు కూర్చుందని తెలియడానికి ఓ పూట పట్టింది. స్కైప్ మూశాక బ్రౌజర్‌లో ‘లోకల్‌హోస్ట్’ అని కొడితే పేజీ తెరుచుకుంది. మా ఇంటి సర్వరు, మా ఇంట్లోనే! ఆ సంబరంలో డేటాబేసు ఏ లిపికి సిద్ధంగా ఉందో చూడలేదు. ఎక్కించిన పేజీని తిరిగి తెరిచి చూడాలన్న బుద్ధీ పుట్టలేదు.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్ కంపెనీ చేతుల్లో పుట్టింది. అప్పట్లో మనం ఏమీ చెప్పకపోతే అది ‘లాటిన్1’ లిపి అనుకునేది, స్వీడిష్ అక్షర క్రమం పాటించేది. కళ్యాణదుర్గం వానలను నేను స్వీడన్ గడుల్లో పోశానన్నమాట! ఆ గడిలో తెలుగు సంకేతానికి చోటు లేదు. చోటులేని ప్రతిదాని బదులూ ఓ ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది. ‘వాన’ మనకు రెండక్షరాలు. యూనికోడ్‌కు వ, దీర్ఘం, న... మూడు. అందుకే మూడు ప్రశ్నార్థకాలు. తెరమీద కనిపించకపోవడమే అయితే సర్దుకోవచ్చు. అసలు అక్షరమే పోయింది, వెనక్కి తెచ్చే దారి లేదు.

తెలుగుతో మిషన్లు తడబడటం ఆ రోజుతో ఆగలేదులెండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో కూడిన ఓ అక్షరాల కూర్పు కనిపిస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. ఆ వార్త చదివి నేను మాత్రం మా స్వీడన్ గడులను తలుచుకున్నాను.

‘అంకెలుండాయి కదా నాయనా’ అన్నాను ఆ రాత్రి, నాకు నేనే ధైర్యం చెప్పుకుంటూ. ‘అంకెలు ఆఫీసోళ్ల దగ్గరా ఉండాయి’ అని ఆయన లేచి, నోటు పుస్తకం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టాడు.

పట్టికను ‘యూటీఎఫ్-8’కు మార్చాను. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఓ భోజన హోటల్లో కంచం కింద పరిచే కాగితం మీద గీసుకున్న పద్ధతి అది. తెలుగు సంకేతం ఒక్కోదానికి అందులో మూడు బైట్లు. ‘వాన’కు తొమ్మిది. ఈసారి ఒక్క మాట కొట్టి, మూసి, మళ్లీ తెరిచి చూశాకే ముందుకు కదిలాం. నాయన చదివి చెబితే నేను కొట్టాను. మధ్యలో కరెంటు పోతే ఆయన చదవడం ఆపి, ఆ ఏడు ఏమైందో చెప్పేవాడు. పుస్తకంలో లేనివి చాలానే విన్నాను. అప్పుడే రాసుకుని ఉండాల్సింది.

ఓ చోట ఆగిపోయాం. తేదీ ఉంది. మిల్లీమీటర్ల గడి ఖాళీ. కుడివైపు ‘వాన వాసన వచ్చింది’ అని మాత్రం ఉంది. ప్రోగ్రాం అంకె అడుగుతోంది. సున్నా కొట్టాను.

‘తీసెయ్’ అన్నాడు నాయన. ‘సున్నా అంటే కొలిచినాము, ఏమీ పడలేదని. ఆ పొద్దు ఆఫీసు సెలవు. కొలిచినోళ్లు లేరు. మనకు రాలేదు గానీ పక్కూర్లో పడిందేమో ఎవురికి తెలుసు?’

డేటాబేసులో దానికో పేరుందని ఆ రాత్రే తెలిసింది. ‘నల్’ అంటారు. సున్నా వేరు, నల్ వేరు. అంకె తప్పనిసరి అన్న నిబంధన ఎక్కడుందో వెతికి తీసేసరికి పన్నెండయింది. నాయన అప్పటిదాకా పడుకోలేదు. ఆ గడిని ఖాళీగా చూసి, పేజీ తిప్పి తర్వాతి వాన చదవడం మొదలుపెట్టాడు.