చెకుముకి కొండల్లో ఒక పగలు

అమెరికా నడిబొడ్డున, కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం ఉంది. ఏటా మే నెలాఖరులోనో జూన్ తొలినాళ్ళలోనో ఒక శనివారం ఆ ఊరు సైకిళ్ళతో నిండిపోతుంది. 2006లో 34 మందితో మొదలైన ‘అన్‌బౌండ్ గ్రావెల్’ పోటీకి ఇప్పుడు వేలమంది వస్తున్నారు. ఇది తారురోడ్డు మీద సాగే పందెం కాదు. ఊరు దాటింది మొదలు తిరిగి ఊరు చేరేదాకా దాదాపు అంతా కంకర బాటే. దూరం 200 మైళ్ళు, అంటే 322 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరినవారు ఆ రాత్రి గడిచి మూడు గంటలయ్యేలోపు తిరిగి రావాలి. అంతకు మించితే చేరినా చేరినట్టు కాదు.

ఈ ప్రాంతాన్ని ఫ్లింట్ హిల్స్ అంటారు. మన మాటల్లో చెకుముకి కొండలు. సున్నపురాతి పొరల నడుమ చెకుముకిరాయి ఉండటం వల్ల ఇక్కడి నేల నాగలికి లొంగలేదు. చుట్టుపక్కల మైదానాలన్నీ గోధుమ, మొక్కజొన్న పొలాలుగా మారిపోగా, ఒకప్పుడు ఉత్తర అమెరికా మధ్యభాగమంతటా అలలాడిన నిలువెత్తు గడ్డి ఎక్కువగా ఈ కొండల మీదనే మిగిలింది. వసంతంలో పశువుల కాపరులు ఎండుగడ్డికి నిప్పు పెడతారు. కొన్ని వారాల్లోనే నల్లని నేలమీద పచ్చని మొలకలు లేస్తాయి. కనుచూపు మేర చెట్టు ఉండదు, నీడ ఉండదు. దక్షిణపు గాలి ఎదురొచ్చిందంటే దిగుడులో కూడా తొక్కవలసిందే. నాగలిని ఆపిన ఆ రాయే సైకిలు టైరును కత్తిలా చీలుస్తుంది.

కాన్సాస్ సిటీలో ఉద్యోగం చేసుకుంటూ సెలవు దినాల్లో సైకిలు తొక్కే నావంటివాడు ఇక్కడ గెలవడానికి రాడు. గడువులోగా చేరడమే నా కోరిక. దానికి తోడు మరొక సంకల్పం కూడా చేసుకున్నాను: ఆ రోజు ఒక్క నమాజు కూడా వేళ తప్పకూడదు. ఇంటినుంచి నూరు మైళ్ళకు పైగా వచ్చాను గనుక ఖస్ర్ ఎలాగూ ఉంది. ప్రయాణంలో జుహర్, అసర్ కలిపి చేసుకోవచ్చనే ఇమాములూ ఉన్నారు. మా ఇంట్లో హనఫీ పద్ధతి కాబట్టి దేని వేళకు దానినే చేయాలనుకున్నాను. దుస్తుల సంగతీ ముందే చూసుకోవలసి వచ్చింది. సైకిలు నిక్కరు మోకాళ్ళ పైకే ఉంటుంది గనుక మడతపెట్టిన పలుచని పైజామా ఒకటి, ఖర్జూరాలు, పల్లీపట్టీలు సంచిలో సర్దుకున్నాను. శక్తి కోసమని అమ్మే జిగురు మిఠాయిల్లో కొన్నింట జెలటిన్ ఉంటుంది. వాటి జోలికి పోలేదు.

ఫజర్ హోటలు గదిలో చేసుకున్నాను. కడపలో పుట్టినవాణ్ణి, చిన్ననాటి నుంచి ఖిబ్లా అంటే పొద్దుగూకే దిక్కు. ఇక్కడ ఈశాన్యానికి తిరగాలి. ఈ ఊరికి ఈశాన్యపు సజ్దా కొత్తదేమీ కాదు. ఇక్కడి మాంసపు కర్మాగారంలో పనికి ఒకప్పుడు సోమాలీ ముస్లిం శరణార్థులు వందలాదిగా వచ్చారు. 2008లో అక్కడ పశువధ నిలిపివేసి పనివాళ్ళను తగ్గించడంతో చాలామంది వేరే ఊళ్ళకు వలసపోయారు.

మొదటి మజిలీలో నీళ్ళు నింపుకుని బయలుదేరేటప్పటికి జుహర్ వేళ ఇంకా కాలేదు. దారిలో అయిదుగురు జట్టుగా వెళుతుంటే వారి వెనుక చేరాను. ఎదురుగాలిలో ముందున్నవాడి చాటున తొక్కడానికీ ఒంటరిగా తొక్కడానికీ ఎంత తేడానో తొక్కినవారికే తెలుసు. రెండున్నరకు ఆ చాటును వదులుకుని బాట పక్కన దిగాను. వుజూ నిలవలేదు. ఉన్న నీళ్ళు తాగడానికే చాలవు. తయమ్ముమ్ చేయడానికి మట్టి కోసం వెతకనక్కరలేకపోయింది. తెల్లని దుమ్ము ఒళ్ళంతా కప్పి ఉంది. అయినా వంగి నేలమీదనే చేతులు ఆనించాను.

సజ్దాలో ఉండగా వెనుక కంకర కీచుమంది. ‘పడిపోయావా? ఒంట్లో బాగుందా?’ అని ఎవరో కంగారుగా అడుగుతున్నారు. నమాజులో జవాబు చెప్పలేను గదా! సలాం తిప్పి చూస్తే అరవై ఏళ్ళ పెద్దమనిషి సీసా మూత తీసి నాకు నీళ్ళు ఇవ్వడానికి నిలుచున్నాడు. సంగతి చెప్పాను. ‘ప్రార్థనైతే సరే, చచ్చిపోయావేమోనని హడలిపోయాను’ అన్నాడు. ఆ తర్వాత ముప్పై కిలోమీటర్లు వంతులవారీగా ఒకరికొకరం గాలికి అడ్డుగా తొక్కాము.

ఏడు గంటలు కావస్తుండగా నా వెనుక టైరు చీలింది. ఆయనను వెళ్ళిపొమ్మన్నాను. టైరులోని జిగురుపాలు చేతులనిండా అంటుకుని నల్లగా మారాయి. లోపల ట్యూబు వేసి గాలి నింపేసరికి నలభై నిమిషాలు పోయాయి. అప్పటికి అసర్ వేళ వచ్చి ఉంది. బాట పక్కనే ఉన్నాను, సైకిలు ఆగే ఉంది, దుమ్ము కాళ్ళకిందనే ఉంది. కానీ మనసంతా రెండో మజిలీ గడువు మీదనే ఉంది. ‘ఈ చేతులతోనా? మజిలీలో శుభ్రంగా కడుక్కుని చేసుకుంటాను’ అని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ప్రతి కొండా ఎక్కుతూ ‘ఇది దిగాక ఆగుదాం’ అనుకున్నాను. సూర్యుడు ఎర్రబడటం చూశాను. అంత ఆలస్యం చేయకూడదనీ తెలుసు. మళ్ళీ ఒక కొండ వచ్చింది.

మజిలీ చేరేసరికి తొమ్మిదికి రెండు నిమిషాలు. గడువుకు ఇంకా సమయం ఉంది. అక్కడ కూర్చున్న స్వచ్ఛంద సేవకురాలు చప్పట్లు కొట్టి, ‘భలే, గడువు దాటలేదు’ అంది. పడమట కొండల మీద ఎరుపు మాత్రమే మిగిలింది. చేతులు కడుక్కున్నాను. ముందు అసర్ ఖజా, తర్వాత మగ్రిబ్.

మిగిలిన దూరాన్ని గురించి చెప్పవలసినది తక్కువ. దీపం వెలుగులో పది అడుగుల బాట, అటూ ఇటూ చీకట్లో మెరిసే ఆవుల కళ్ళు, ఒకచోట మోకాలిలోతు వాగు. దాని ఒడ్డునే వుజూ చేసి ఇషా చేసుకున్నాను. ఒంటిగంటా నలభై ఎనిమిదికి ఎంపోరియా నడివీధిలో గీత దాటాను. అంత రాత్రివేళ కూడా జనం నిలుచుని, ముక్కూ మొహం తెలియని నా కోసం గంటలు మోగించారు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని కాలిబాట మీద కూలబడి అమ్మీకి ఫోను చేశాను. కడపలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది.

‘చేరావా బేటా? దెబ్బలేమీ తగల్లేదు గదా?’

‘లేదమ్మీ. టైరు చీలింది. అసర్ పోయింది.’

అంతలో అటు జుహర్ అజాన్ మొదలైంది. అది పూర్తయ్యేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘టైరు ఎన్ని గంటలకు చీలింది?’ అని అడిగింది.

ఏడు కావస్తుండగా అని చెప్పాను.