జలుబే కదా అంటే...

పొద్దున ఆవిరి పట్టుకుందామంటే విక్స్ డబ్బా మూత తిరగలేదు.
వేళ్లు బిగుసుకుపోయాయి. పక్కింటి గుజరాతీ బెన్ వచ్చి తీసిపెట్టింది. "శర్దీ ఛే, మటీ జశే" అంది. జలుబే, తగ్గిపోతుందని.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి అంత తేలిక కాదండీ. మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడుతుంది. దాన్ని అణచడానికే వారానికోసారి మెథోట్రెక్సేట్. అందుకే ముక్కు కారినా గుబులే, ఛాతీలోకి దిగుతుందేమోనని.

ఇక్కడ వడోద్‌లో, సూరత్ అంతటా, మనవాళ్లు చాలామంది మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగేస్తారు. కొన్ని జలుబు మాత్రల్లో నొప్పి మందు కలిసే ఉంటుంది, కీళ్ల నొప్పికి వేసుకునేదానితో కలిసి ఎక్కువైపోకుండా చూసుకోండి. జ్వరమొస్తే మెథోట్రెక్సేట్ ఆపాలో వద్దో డాక్టర్నే అడగండి.

మీలో ఈ జబ్బున్నవాళ్లు జలుబు రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు? ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటున్నారా? రాయండి.