ఒకే మందు, ఒకే మోతాదు - అయినా నొప్పి తగ్గదేం?

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల మాట. తొడ ఎముక విరిగిన ఇద్దరు పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ఇంచుమించు ఒకే వయసు, ఒకే బరువు. ఇద్దరికీ ఒకే మోతాదు మార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. ఒకాయన అరగంటలో నిద్రపోయాడు. రెండో ఆయన తెల్లవార్లూ "తగ్గలేదయ్యా" అని మూలుగుతూనే ఉన్నాడు. "అందరికీ తగ్గే మందు నీకొక్కడికే తగ్గదా? ఊరుకో" అని కసురుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాకు బుద్ధి చెప్పినవి చుంచెలుకలు. ప్రయోగశాలల్లో తరతరాలుగా ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ ఎలుకలనే జతకట్టించి కొన్ని జాతులను పెంచారు. ఒక జాతిలోని ఎలుకలన్నీ కవలల్లా ఒకే జన్యువులతో ఉంటాయి. అమెరికాలో సి.సి. లిటిల్ 1909లో డి.బి.ఎ. జాతిని, 1921లో సి57 అనే నల్ల జాతిని మొదలుపెట్టాడు. ఎలుకను వేడి పలక మీద ఉంచి, ఎంతసేపటికి కాలు నాక్కుంటుందో చూసి నొప్పిని కొలుస్తారు. మార్ఫిన్ ఇస్తే డి.బి.ఎ. ఎలుకకు నొప్పి బాగా తగ్గుతుంది. నల్ల ఎలుకకు అంతగా తగ్గదు సరికదా, పంజరమంతా పరుగులు పెడుతుంది! తిండీ ఒకటే, గదీ ఒకటే. తేడా అంతా పుట్టుకలోనే ఉంది. మార్ఫిన్ మెదడులో కొన్ని గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తుంది. 1996లో ఆ గ్రాహకపు జన్యువును తీసేసిన ఎలుకలకు మార్ఫిన్ ఇచ్చి చూస్తే నొప్పి తగ్గనూలేదు, వ్యసనం పట్టనూలేదు.

మనిషి ఎలుక కాదు, నిజమే. మన నొప్పిలో భయమూ, నిద్రలేమీ కూడా కలుస్తాయి. కానీ కోడీన్ సంగతి చూడండి. కాలేయంలోని ఒక ఎంజైము దీన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరిలో ఆ ఎంజైము పుట్టుకతోనే పనిచేయదు. మాత్ర మింగినా ఫలితం ఉండదు. మరికొందరిలో అతి జోరుగా పనిచేస్తుంది; మామూలు మోతాదుకే ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ వాడిన పిల్లలు కొందరు ఇలాగే చనిపోయారు. 2017లో అమెరికాలో 12 ఏళ్లలోపు పిల్లలకు దీన్ని వాడరాదన్నారు.

మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గుమందు మిగిలితే పిల్లలకు ఒక చెంచా పోయడం అలవాటు. సీసా మీద కోడీన్ అని ఉంటే అస్సలు పోయకండి. మాత్రకు నొప్పి తగ్గలేదని ఇంకొకటి మింగకండి, డాక్టరుతో చెప్పండి. ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు, ఇదివరకు ఏ మందుకు అతిగా మత్తు వచ్చిందో, ఏది పనిచేయలేదో ముందే చెప్పండి. డాక్టరు విసుక్కున్నా సరే, చెప్పండి.