బాబాయ్ పేజీ ఎవరూ చదవలేదు

మా బాబాయ్ విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్. నెలకోసారి పన్నుల మీద ఒక పేజీ రాసి క్లయింట్లకీ చుట్టాలకీ పంపుతాడు. "ఎవడూ చదవట్లేదురా, నువ్వు కథలు రాస్తావుగా, కాస్త చూడు" అన్నాడు. మొదటి లైనే సెక్షన్ నంబర్. నేనూ అక్కడే ఆగిపోయా.

"మీ ఆఫీసు గొప్పదని రాద్దామా?" అంటే కసిరాడు. ప్రకటనలతో క్లయింట్లను పిలవడాన్ని 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టమే తప్పంటుంది. పనికొచ్చే మాట చెప్పడమొక్కటే దారి.

మాటల్లో నా ఇంటర్న్‌షిప్ సంగతి వచ్చింది. మూడు నెలల స్టైపెండ్ 60,000. అందులో 10 శాతం టీడీఎస్ కోసి 54,000 ఇచ్చారు. ఆ 6,000 పోయాయనే అనుకున్నా. అదే నెల హాస్టల్ ఫీజుకి నాన్న అప్పు చేశాడు.

"పోలేదురా. నీకు వేరే ఆదాయం లేదుగా, రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కొస్తుంది. ఫారం 26ఏఎస్‌లో నీ పేరు మీదే కనిపిస్తుంది చూడు" అన్నాడు బాబాయ్.

ఈసారి పేజీ అక్కడే మొదలుపెట్టాం: "మీ పిల్లల స్టైపెండ్‌లో కోత పడిందా?" సెక్షన్ నంబర్ చివరికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఒక కిరాణా షాపాయన ఫోన్ చేశాడు, వాళ్లమ్మాయి కోసం.

టీడీఎస్ రిఫండ్ గురించి బాబాయ్ ఇదివరకే రెండుసార్లు రాశాడట. అవి నాకూ వచ్చాయి. నేనే తెరవలేదు.