ఒక్క 'టు' దగ్గర ఆగిపోయిన మా నాయన

పోస్టు కొంచెం పెద్దది. ఇంగ్లీషు అనగానే గొంతు ఎండిపోయేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మాది దుగ్గిరాల. కాలవ కట్ట మీద యానాదుల ఇళ్ళల్లో మాదొకటి. నాయన వరి పొలాల్లో ఎలకల బుట్టలు పెడతాడు. అమ్మ పసుపు యార్డులో కూలికి వెళ్తుంది. డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళా. కుటుంబం గురించి చెప్పమన్నారు. నాయన తాగుడు మానేసి అప్పటికి రెండేళ్ళు. మానేసింది నా చదువు కోసం. ఆ సంగతి గర్వంగా చెప్పాలని ముందు రోజు రాత్రి పదిసార్లు అనుకుని మరీ వెళ్ళా.

"మై ఫాదర్ స్టాప్డ్ టు డ్రింక్ ఫర్ మై స్టడీస్, సార్" అన్నా.

ముగ్గురూ నవ్వారు. ఒకాయన "ఏ షాపు దగ్గర ఆగాడయ్యా?" అన్నాడు. ఇంకొకాయన నా సర్టిఫికెట్లు తిరగేసి "ఎస్టీ... హాస్టల్లో చదివావా?" అని తలూపాడు. ఎందుకు నవ్వారో నాకు తెలియలేదు. తెలియక నేనూ నవ్వా. మా నాయన గురించి నేనూ నవ్వా. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఇంటికొచ్చి "బానే జరిగింది" అని చెప్పా. ఆరు నెలలు ఇంగ్లీషు పుస్తకం ముట్టుకోలేదు. మన బుర్రకి ఇది ఎక్కదు, మనవాళ్ళకి రాదు అని నిజంగానే నమ్మా.

తర్వాత రైల్వే పరీక్షకి చదువుతూ ఫోన్లో గ్రామర్ అభ్యాసాలు వెతుకుతుంటే ఒకటి దొరికింది. ఇన్ఫినిటివ్ మీద, రష్యన్ మాట్లాడేవాళ్ళ కోసం తయారు చేసింది. రష్యన్ అక్షరాలు నాకు రావు, ఇంగ్లీషు వాక్యాలు మాత్రం చదివా. 'ఇలా అనకండి' అని ఉన్న చోట కళ్ళు ఆగిపోయాయి. 'ఐ కెన్ టు గో' అనకండి. 'ఐ వాంట్ దట్ యు కమ్' అనకండి. ఇంకా కిందకి వస్తే, సిగరెట్ మానేశాడు అనడానికి 'హి స్టాప్డ్ టు స్మోక్' అనకండి.

అది నా తప్పే! మాస్కోలో పుట్టినవాళ్ళు కూడా అదే తప్పు చేస్తున్నారు. వాళ్ళని ఎవరూ ఏ కులం, ఏ హాస్టల్ అని అడగలేదు. తప్పు చేస్తారని ముందే తెలిసి, కూర్చుని అభ్యాసం రాసిపెట్టారు.

రష్యాలో మెడిసిన్ చదివే మా హాస్టల్ సీనియర్ అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టా. అక్క చెప్పింది: "రష్యన్‌లో 'టు' లాంటి విడి మాట లేదురా. క్రియ చివర్నే ఉంటుంది. చితాత్ అంటే చదవడం, పీత్ అంటే తాగడం. తాగుడు మానేశాడు అనాలంటే వాళ్ళు 'బ్రోసిల్ పీత్' అంటారు. దాన్ని అలాగే ఇంగ్లీషులో పెడితే నువ్వన్న మాటే వస్తుంది."

అంటే వాళ్ళకి వాళ్ళ భాషే అడ్డం వచ్చింది. మరి నాకేం అడ్డమొచ్చింది? తెలుగులో 'తాగడానికి ఆగాడు' వేరు, 'తాగడం మానేశాడు' వేరు. మా అమ్మ చదువుకోలేదు, అయినా ఈ రెండూ ఎప్పుడూ కలపదు. 'డానికి' ఉంటే స్టాప్డ్ టు డ్రింక్. 'డం' ఉంటే స్టాప్డ్ డ్రింకింగ్. మన భాష దారి చూపిస్తూనే ఉంది, నేనే చూడలేదు. బళ్ళో 'టు డ్రింక్ అంటే తాగడం' అని బట్టీ పెట్టా, దాన్నే అన్నిచోట్లా వాడేశా.

అప్పట్నుంచి తెలుగు పక్కన పెట్టుకునే ఇంగ్లీషు చదువుతున్నా. నాకు పనికొచ్చినవి చెప్తా, నోట్ చేసుకోండి.

ఒకటి. వెళ్ళగలను, వెళ్ళలేను, వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు, వెళ్ళనివ్వు. వీటన్నిట్లో 'వెళ్ళ' అని ఒక ముక్క ఉంది, దానికి ఇంకో మాట అతుక్కుంది. మన వ్యాకరణంలో దీన్ని తుమర్థకం అంటారు. 1858 నాటి చిన్నయ సూరి బాలవ్యాకరణంలోనే ఉంది. మన ఇన్ఫినిటివ్ అన్నమాట! ఇలా అతుక్కున్నచోట ఇంగ్లీషులో సాధారణంగా 'టు' రాదు. కెన్ గో, కెనాట్ గో, మే గో, షుడ్ నాట్ గో, లెట్ హిమ్ గో. 'వెళ్ళాలి' కూడా పాత 'వెళ్ళవలెను' నుంచి వచ్చిందే, కాబట్టి మస్ట్ గో. కానీ హ్యావ్ టు, ఆట్ టు, ఏబుల్ టు మాత్రం 'టు'తోనే ఉంటాయి. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. 'కెన్ ఏబుల్ టు' అని రెండూ కలిపి అనొద్దు.

రెండు. ఎందుకు అని అడిగితే 'డానికి' అని జవాబొస్తే 'టు' పెట్టండి. పసుపు అమ్మడానికి వచ్చాడు, హి కేమ్ టు సెల్ టర్మరిక్. 'ఫర్ సెల్' కాదు, 'ఫర్ టు సెల్' కాదు.

మూడు. చదువుకోమని అమ్మ చెప్పింది, మదర్ టోల్డ్ మి టు స్టడీ. నువ్వు రావాలని నా కోరిక, ఐ వాంట్ యు టు కమ్. 'దట్' తీసేసి, మనిషిని ముందు పెట్టి, తర్వాత 'టు' పెట్టాలి. రష్యా వాళ్ళూ మనమూ ఇద్దరం తడబడేది ఇక్కడే.

ఇప్పుడు సాయంత్రాలు మా కట్ట మీద పిల్లలు తొమ్మిదిమంది నా దగ్గర కూర్చుంటున్నారు. తప్పు చెబితే నవ్వకూడదన్నది మొదటి రూలు. ఎందుకు తప్పిందో కలిసి వెతకాలన్నది రెండోది.

మొన్న ధైర్యం చేసి ఇంటర్వ్యూ సంగతి నాయనకి చెప్పా. కోప్పడతాడనుకున్నా. బుట్ట అల్లుతూ అంతా విని, "ఆగాడు అన్నావు, అంతేగా? ముందు ఆగితేనేగా రా మానేది" అన్నాడు.

ఆ ముగ్గురికి చెప్పలేకపోయిన మాట ఇక్కడ సరిగ్గా రాస్తున్నా: మై ఫాదర్ స్టాప్డ్ డ్రింకింగ్ టు సెండ్ మి టు కాలేజ్.

మీరు కూడా మీ అమ్మ గురించో నాయన గురించో 'టు' పెట్టి ఒక్క వాక్యం కింద రాయండి. తప్పైనా పర్వాలేదు. కలిసి దిద్దుకుందాం.